ప్రాచీనత కనబడుట లేదు

రవాణా కార్యాలయం గేటు ఎదురుగా, రేకుల షెడ్డు కింద, టైపు మిషను ముందు పెట్టుకుని దరఖాస్తులు రాసేవాణ్ణి నేను. ఇరవై ఏడేళ్ల సర్వీసు. ఊళ్లో సగం బండ్లు పెట్రోలు మీద కాదు, నా కాగితాల మీద తిరుగుతున్నాయని నా నమ్మకం. పేరు గోవర్ధనం. పేరు పెట్టి ఎవరూ పిలవరు, అందరికీ రైటరు గారినే.

ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. యేసుపాదం మేస్త్రి కారు విషయంలో తప్పెవరిదని మొన్న టీ కొట్టు దగ్గర పెద్ద వాదన అయింది. ఎవడి నోటికొచ్చింది వాడు వాగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. జరిగింది జరిగినట్టు చెబుతాను, ఆ తర్వాత మీ ఇష్టం.

యేసుపాదానికి బైపాసు పక్కన ఒక మెకానిక్ షెడ్డు ఉంది. అందులో ఒక అమెరికా కారు ఉండేది. అమెరికా వాళ్లు ఒకప్పుడు మజిల్ కార్లు అని, కండబలం బండ్లు చేసేవారట. రెండే తలుపులు, ఇంత పొడుగు ముక్కు, కారు ఒంట్లో లారీ గుండె. తొందర పని లేనివాళ్లు తొందరగా వెళ్లడం కోసం చేసుకున్న బండి. ఇది పంతొమ్మిదొందల అరవైతొమ్మిది మోడలు. కంపెనీ పేరు చెప్పను. చెబితే వాళ్ల దగ్గర్నుంచి కూడా నిరభ్యంతర పత్రం తెమ్మంటారు.

దాన్ని ఆ రోజుల్లో మిషన్ ఆసుపత్రికి వచ్చిన ఒక దొర డాక్టరు ఓడలో మద్రాసుకి తెప్పించుకున్నాడు. దేవుడి పని మీద వచ్చిన మనిషికి అంత స్పీడెందుకని ఎవరూ అడగలేదు. ఆయన వెళ్లిపోతుంటే ఒక పొగాకు షావుకారు కొన్నాడు. స్టీరింగు ఎడం పక్కనుందని ఆ మహానుభావుడికి ఇంటికి తెచ్చుకున్నాక తెలిసింది. తీసుకెళ్లి పొగాకు కాల్చే బ్యారన్‌ కొట్టంలో పెట్టేశాడు. ముప్ఫై ఏళ్లపాటు కోళ్లు అందులో గుడ్లు పెట్టుకున్నాయి.

యేసుపాదం దాన్ని పాత ఇనుము లెక్కన కొని తొమ్మిదేళ్లు బాగు చేశాడు. తొమ్మిదేళ్లు! రోజంతా ఆటోలూ ట్రాక్టర్లూ చూసుకుని, ఆదివారం చర్చి నుంచి వచ్చాక దాని మీద పడేవాడు. దొరకని సామాను తనే లేతు మిషను మీద మలిచి చేశాడు. సీట్లు చెప్పులు కుట్టే అంకయ్య చేత కుట్టించాడు. బంపరుకి మెరుపు పూత పెట్టించడానికి దాన్ని దుప్పట్లో చుట్టుకుని రైల్లో కోయంబత్తూరు తీసుకెళ్లాడు. చంటిపిల్లేమో అనుకుని ఒకావిడ జరిగి చోటిచ్చిందట. చివరికి పండుమిరపకాయ రంగు వేసి, రోడ్డు మీదికి తీసి స్టార్టు చేస్తే, అవతల హోటల్లో ఇడ్లీ తింటున్నవాళ్లు ప్లేట్లు పట్టుకుని బయటికొచ్చారు.

"ఎందుకమ్ముతావయ్యా?" అని నేనే అడిగాను.

"లీటరుకి మూడు కిలోమీటర్లు రైటరు గారూ. ఏనుగుని కొనగలం గానీ మేపగలమా? నా చేతిలో పని అయిపోయింది. ఎవరో ఒకరు దాన్ని తిప్పాలి. అది రోడ్డు మీద పోతుంటే నేను పక్కన నిలబడి చూడాలి. అంతకంటే నాకేం వద్దు."

అలా తిప్పేవాడు దొరికాడు కూడా. కోయంబత్తూరులో బంపరు దగ్గర పరిచయమైన రంగస్వామి నాయుడు గారు. మిల్లుల ఆసామి, ఇలాంటి బండ్లు నాలుగున్నాయి, ప్రతి ఆదివారం ఒకదాన్ని బయటికి తీస్తాడు. "కాగితాలు సరిచేసి పెట్టబ్బాయ్, నేనే వచ్చి నడుపుకుంటూ తీసుకుపోతాను" అన్నాడు.

కాగితాలు! అక్కడొచ్చింది చిక్కు.

ఆ జనవరిలో కొత్త నిబంధన వచ్చింది. యాభై ఏళ్లు దాటిన ప్రతి బండికీ 'ప్రాచీన వాహన ధ్రువపత్రము' ఉండాలి. పత్రం ఉంటే అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. మార్చి ముప్ఫై ఒకటి లోపు పత్రం లేకపోతే బండిని తుక్కు యార్డుకి పట్టుకుపోయి, మిషన్లో పెట్టి నొక్కి, ఇటుకలాగా చేసి ఇస్తారు. ఇటుక మనకే ఇస్తారు, ఆ మాత్రం దయ ఉంది.

ఈ పని కోసం మా ఆఫీసులో సైకిల్ స్టాండు పక్క గదిలో 'ప్రాచీన వాహన ప్రామాణ్య విభాగము' అని బోర్డు పెట్టారు. దానికి అధికారిగా నిరంజనరావు గారొచ్చారు. బండ్ల సంగతి తెలిసినవాడని కాదు, ప్రాచీనం సంగతి తెలిసినవాడని. ఆయన ఇరవై రెండేళ్లు తవ్వకాల శాఖలో, ముక్కులు విరిగిన విగ్రహాల మధ్య పనిచేసి డెప్యుటేషన్ మీద వచ్చాడు. నిబంధనలు కొత్తగా రాయడం దండగని పాత శాఖ పుస్తకమే వెంట తెచ్చుకున్నాడు. 'శిల్పము' అన్నచోటల్లా 'వాహనము' అని మార్చి టైపు చేయించాడు. చేసింది నేనే. అప్పుడు నాకు నవ్వొచ్చింది కూడా.

మొదటి తనిఖీకి ఆయన భూతద్దం, మెత్తటి కుంచె పట్టుకుని షెడ్డుకి వచ్చాడు. యేసుపాదం బండిని తుడిచి తుడిచి అద్దంలా పెట్టాడు. నిరంజనరావు గారు దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ప్రదక్షిణం అనుకుని యేసుపాదం భార్య సువార్తమ్మ కొంగు సర్దుకుంది.

"ఏమయ్యా, ఇందు ప్రాచీనత కనబడుట లేదే?" అన్నాడు.

"అరవైతొమ్మిది మోడలండి. ఛాసిస్ నంబరు చూడండి సార్."

"నంబరు ఎవడైనను చెక్కవచ్చును. దొంగ శాసనములే చెక్కిన దేశమిది."

నేను ఫైలు చూపించాను. మద్రాసు ఓడరేవు రసీదు, దొర గారి సంతకం, షావుకారు కొన్న కాగితం.

"ఇవి కాగితముల ప్రాచీనతకు రుజువులు. వాహనపు ప్రాచీనత వాహనమే చెప్పవలెను," అన్నాడాయన. "చూడు మేస్త్రీ, నీవే ఆలోచించుకొనుము. ఇది కొత్త వాహనమైనచో, నీవు లైసెన్సు లేకుండ ఇచ్చట కార్ల ఫ్యాక్టరీ నడుపుచున్నావు. అది నేరము. పాత వాహనమైనచో, పాతదనము చూపుము."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండు రోజుల్లో మెమో వచ్చింది. ఇంకా నా దగ్గర ఉంది, చదువుతాను: "తనిఖీ సమయమున సదరు వాహనము మిక్కిలి శుభ్రముగాను, ఎర్రగాను, ఆరోగ్యముగాను ఉన్నట్లు గమనించడమైనది. ఇట్టి స్థితి ప్రాచీన వాహనమునకు తగదు. నిబంధన ఏడు మేరకు శిథిలత నూటికి నలుబది పాళ్లకు తగ్గరాదు. లోపమును పదిహేను దినములలో సవరించుకొని పునఃతనిఖీకి సిద్ధముగా ఉంచవలెను."

యేసుపాదం ఆ కాగితం నాలుగుసార్లు చదివించుకున్నాడు. "అంటే తుప్పు పట్టించమంటున్నారా?"

"అంతేనయ్యా."

"పట్టిన తుప్పు వదిలించడానికి నాకు మూడేళ్లు పట్టింది రైటరు గారూ."

"తెలుసు. చూడూ, ముందు పత్రం తెచ్చుకో. పత్రం చేతికొచ్చాక బండి నీది, తుప్పు నీది. మళ్లీ రుద్దుకో, మళ్లీ రంగేసుకో, ఎవడడుగుతాడు? బతికుంటే బలుసాకు తిని బతకొచ్చు. ఇటుక అయిపోతే ఏం చేస్తావు?"

ఈ సలహా నాదే. దాచడం ఎందుకు?

ఒక్క తలుపు ఇచ్చి మిగతా బండి కాపాడుకుందామనుకున్నాడు పిచ్చివాడు. ఎడమ తలుపు మీద రంగు గీకేసి, చీరాల పోయి రెండు డబ్బాల సముద్రం నీళ్లు తెచ్చి, పొద్దునా సాయంత్రం తలుపుకి స్నానం చేయించాడు. సువార్తమ్మ గుమ్మంలో నిలబడి తిట్టిపోసింది. "తొమ్మిదేళ్లు ఏ ఒక్క ఆదివారమన్నా నన్ను పుట్టింటికి తీసుకెళ్లావా? అప్పుడేమో తుప్పు వదల్లేదన్నావు. ఇప్పుడేమో తుప్పు పట్టలేదంటున్నావు. నీకూ నీ కారుకూ ఓ దణ్ణం!" అంటూనే మూడో రోజు నుంచి రెండో డబ్బా తనే మోసింది.

రెండో తనిఖీలో నిరంజనరావు గారు తలుపు మీద తుప్పు వేలితో తీసి, కాస్త నాలుకకి అద్దుకున్నాడు. ఒట్టు, నా కళ్లతో చూశాను.

"ఉప్పగా ఉన్నది," అన్నాడు. "ఇది లేత తుప్పు. ఈ నెల తుప్పు. ముదురు తుప్పు చప్పగా ఉండును. పైగా పదకొండు పాళ్లే ఉన్నది."

"ముదురు తుప్పు ఎక్కడ దొరుకుతుంది సార్?" అని నేను మర్యాదగానే అడిగాను.

"అది దొరకునది కాదు రైటరు గారూ. కాలము ప్రసాదించునది. పన్నెండు దినములలో సవరించుకొనుడు."

కాలం పన్నెండు రోజుల్లో ప్రసాదించాలంటే మనిషి సాయం పట్టాలి. రెండో తలుపు పోయింది. ముక్కు మీద రంగు పోయింది. రైల్లో చంటిపిల్లలా తిరిగొచ్చిన బంపరు పోయింది. అంకయ్య కుట్టిన సీట్లు బ్లేడుతో కోస్తుంటే అంకయ్యే వచ్చి, "నేను కోస్తాలే మేస్త్రీ, నువ్వు పక్కకి పో," అన్నాడు. ఉప్పు రుచి తగలకుండా మామూలు నీళ్లతో కడిగి, పైన పేడనీళ్లు చల్లారు. సువార్తమ్మ తన కోళ్లను తెచ్చి లోపల వదిలింది. అవి మాత్రం ఏ మెమో అక్కర్లేకుండా వెంటనే పనిలోకి దిగాయి.

మూడో తనిఖీ మార్చి ఇరవై ఎనిమిదిన. నిరంజనరావు గారి మొహం వెలిగిపోయింది. కుంచెతో దుమ్ము తీసి, మళ్లీ అక్కడే పోశాడు. "ఆహా! ఈ పెంట చూడుడు, ఎంత సహజముగా ఉన్నదో! నలుబది మూడు పాళ్లు. ఉత్తీర్ణము!"

అక్కడితో ఊరుకుని ఉంటే పోయేది. కానీ యేసుపాదం మెకానిక్కు. బండి చూసి ఒక మనిషి సంతోషపడితే మెకానిక్కు చేసే పని ఒకటే ఉంటుంది. ఎవరూ అడగకుండానే లోపలికి దూరి తాళం తిప్పాడు.

అమ్మో, ఆ చప్పుడు! షెడ్డు రేకులు దడదడలాడాయి. కోళ్లు కిటికీల్లోంచి ఎగిరిపోయాయి. నిరంజనరావు గారు ఫైలు వదిలేసి నా భుజం పట్టుకున్నాడు. ఒళ్లంతా పుండై ఉన్నా దాని గుండె గుర్రంలాగే ఉంది. యేసుపాదం తల బయట పెట్టి చంటిపిల్లాడిలా నవ్వుతున్నాడు.

"ఇది... కదలునా?" అన్నాడు నిరంజనరావు.

"కదలడమేంటి సార్, ఎగురుద్ది!"

"కదలరాదు," అన్నాడాయన పాలిపోయిన మొహంతో. "నా సర్వీసులో శబ్దము చేసిన పురాతన వస్తువు లేదు. నిబంధన పదకొండు: స్వస్థానము నుండి తనంతట తాను కదలు వాహనము ప్రాచీన వాహనముగా పరిగణింపబడదు."

"సార్, అది శిల్పాలకి రాసింది..." అన్నాను.

"శిల్పము అను పదము ఆ పుస్తకమున ఎచ్చట ఉన్నదో చూపుడు."

ఎక్కడుంటుంది? నేనే కదా తీసేసింది.

ముప్ఫయ్యో తారీకు పొద్దున తుక్కు యార్డు లారీ వచ్చి షెడ్డు ముందు నిలబడింది. డ్రైవరు మంచివాడే, తొందరేం లేదన్నాడు, రేపు సాయంత్రం దాకా టైముందన్నాడు. ఆ రోజే, బండి ఇక కదలకుండా కార్బురేటరు ఊడదీయించి, ఇంజను నోటికి గోనెగుడ్డ కట్టించి, దాని మీద నిరంజనరావు గారు లక్క ముద్ర వేశాడు. ఇంక మిగిలింది ప్రమాణపత్రం. ఫార్మాట్ ఆయనే ఇచ్చాడు, టైపు నేను కొట్టాను.

"పై వాహనమును నేను గాని, నా వారు గాని ఏనాడును చేయి వేసి బాగుచేసి యుండలేదనియు, ఇట్టి వాహనములను బాగుచేయు నేర్పు నాకు లేదనియు, ఇందుకు భిన్నముగా రుజువైనచో ధ్రువపత్రము రద్దుచేసి వాహనమును తుక్కుకు పంపుటకు నాకు సమ్మతమేననియు ప్రమాణపూర్వకముగా తెలియజేయుచున్నాను."

యేసుపాదం వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాడు. 'నేర్పు నాకు లేదనియు' దగ్గర వేలు ఆగింది.

"ఇది కూడా రాయాలా రైటరు గారూ?"

"ఫార్మాట్ అయ్యా. అందరికీ అదే."

"తొమ్మిదేళ్లు మీరు చూశారు కదా."

"చూశాను. పెట్టు సంతకం. బయట లారీ ఉంది."

పెట్టాడు. గ్రీజు మరక పడకుండా చెయ్యి ముందు చొక్కాకి తుడుచుకుని మరీ పెట్టాడు.

ముప్ఫై ఒకటిన పత్రం వచ్చింది. లారీ ఖాళీగా వెళ్లిపోయింది. సువార్తమ్మ అందరికీ పాయసం పోసింది. యేసుపాదం ఆ సాయంత్రమే తుప్పు గీకే ఎమరీ కాగితం, ఎర్ర రంగు డబ్బా కొనుక్కొచ్చుకున్నాడు. కోయంబత్తూరుకి ఫోను చేసి "రెండు నెలలు టైమివ్వండి నాయుడు గారూ, కొత్త పెళ్లికూతురులా చేసి పెడతాను," అన్నాడు.

మర్నాడు పొద్దున ఆఫీసు వాళ్లు వచ్చి బండి చుట్టూ ఇనుప కంచె పాతారు. నీలం బోర్డు పెట్టారు. "ఇది రక్షిత వాహనము. దీనిని కదిలించుట, తుడుచుట, గీకుట, రంగు వేయుట, మరమ్మతు చేయుట నేరము. మూడు సంవత్సరముల జైలు." కింద చిన్న అక్షరాల్లో, నూరు మీటర్ల పరిధిలో ఎట్టి యంత్ర సంబంధమైన పనులూ చేయరాదని.

నూరు మీటర్లలో ఉన్నది ఒకటే పని, యేసుపాదం షెడ్డు. అది మూసేశారు. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదన్నమాట.

నేను ఊరుకోలేదు. నాలుగు అర్జీలు పెట్టాను. ఒకదానికి జవాబొచ్చింది. "వాహనమును విక్రయించుటకు ఎట్టి అభ్యంతరము లేదు. కొనుగోలుదారు దానిని ఉన్నచోటనే ఉంచుకొని అనుభవించవచ్చును." నాయుడు గారు అంత దూరం నుంచి వచ్చాడు. కంచె బయట నిలబడి చాలాసేపు చూశాడు. "నేను కొనాలనుకున్నది బండి అబ్బాయ్. ఇది సమాధి," అన్నాడు. యేసుపాదం భుజం మీద ఒకసారి చెయ్యేసి వెళ్లిపోయాడు.

షెడ్డు పోయినందుకు ప్రభుత్వం యేసుపాదాన్ని మరిచిపోలేదు. ఆ బండికే కాంట్రాక్టు మీద కాపలాదారుగా వేసింది. ఖాకీ చొక్కా, ఒక కర్ర. పని ఏమిటంటే, ఎవరూ ఆ బండిని బాగు చేయకుండా చూడటం. రోజూ పొద్దున్నే వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. వాన పడితే టైర్ల వైపు చూసేవాడు. నా వైపు మాత్రం చూసేవాడు కాదు.

ఆగస్టులో రాజధాని నుంచి కమిషనరు గారు ఈ రక్షిత వాహనం ప్రారంభోత్సవానికి వచ్చారు. కుర్రవాడే, మంచి హుషారు మనిషి. రిబ్బను కత్తిరించి, బండి చూసి ఒక్క క్షణం నోరు తెరిచాడు.

"అరే, ఇది మజిల్ కారు కదండీ! ఇంత బండిని ఇలా వదిలేస్తారా? బాగు చేయించండి. రంగేయించండి. స్టార్టు చేద్దాం, పండగలకి రోడ్డు మీద తిప్పుదాం. అవసరమైతే నిబంధన సడలిస్తూ నేనే ఆర్డరిస్తాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. నిరంజనరావు గారు చేతులు కట్టుకుని, "చిత్తము. అయితే నిపుణుల కొరకు అఖిల భారత స్థాయిలో ప్రకటన ఇయ్యవలసి యుండును," అన్నాడు.

"అంత దూరం ఎందుకు సార్!" అని నేను ముందుకు దూకాను. "ఇదిగో, ఇక్కడే ఉన్నాడు. ఈ యేసుపాదం..."

"అతడు తనకు ఆ నేర్పు లేదని ప్రమాణపత్రము ఇచ్చి యున్నాడు," అన్నాడు నిరంజనరావు గారు. "ఫైలులో ఉన్నది. అది అబద్ధమైనచో ధ్రువపత్రము రద్దు. వాహనము తుక్కుకు పోవును."

కమిషనరు గారు కాపలాదారు వైపు తిరిగాడు. మర్యాదగానే అడిగాడు. "ఏం పెద్దాయనా, నీకు ఈ పని వచ్చా, రాదా? భయం లేదు, నిజం చెప్పు."

యేసుపాదం ఆయన్ని చూడలేదు. నన్ను చూశాడు, మార్చి తర్వాత మొదటిసారి. తర్వాత బండి వైపు చూశాడు. వచ్చని చెబితే అది సాయంత్రానికి ఇటుక. ఆ సంగతి యేసుపాదానికి తెలుసు, నాకు తెలుసు, నేను టైపు కొట్టిన ఆ కాగితానికి తెలుసు.

"రాదండయ్యా," అన్నాడు చేతిలో కర్ర సర్దుకుంటూ. "ఎవరన్నా పని తెలిసినవాణ్ణి పిలిపించండి. మంచి బండి, పాపం."